తేలిక తుపాకి



ముప్పదియైదేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడు తుపాకులను గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. నవ్వుట న్యాయమే. నా చేతితో నేను తుపాకి కాల్చినది ఒక్కమాఱే. ఏలూరిలో చదువుకొను దినములలో ఎన్.సి.సి. వారు ఇరువది రెండు బోరు రైఫిలు నిచ్చి అయిదు తూటాలు కాల్పించిరి. వానిలో నాలుగు గుఱిపలక వెనుకనున్న మట్టికట్టకు తగిలినవి. అయిదవది యెక్కడికి పోయినదో నేటికిని తెలియదు. కాని నేను పిల్లను చేసికొన్న యిల్లు తుపాకి గల యిల్లు. అందువలన ఆ విద్య నాకు చేతికి రాకున్నను చెవికి వచ్చినది.

మా బావమఱది కుమారుడు అమెరికాలోని మాంటానా రాష్ట్రమున నివసించుచున్నాడు. తాడేపల్లిగూడెమున పుట్టి పెరిగి, ఆ దేశపు పౌరసత్వము స్వీకరించి, ఇప్పుడు కొండలలో దుప్పుల వేటకు పోవ నలవాటు పడినాడు. అక్కడ అది ప్రభుత్వమువారి అనుమతితో, ఋతువు ననుసరించి, లెక్క ప్రకారము జరుగు పని. అతడు నిరుడు నాకొక జాబు వ్రాసినాడు. "మామయ్యా, తాతగారి రైఫిలు ఆరు పౌన్లేనటగా. అంత తేలికైనదే కొనాలనుకుంటున్నాను. ఇక్కడ కొండలూ ఎక్కువ, ఎలుగులూ ఎక్కువ. ఆ తుపాకి సంగతి మీకు తెలిసింది రాయండి" అని దాని సారాంశము.

ఆ జాబు చదివి నేను రెండు దినములు భోజనము సరిగా చేయలేదు. కారణము మీకు క్రమముగా మనవి చేసెదను.

మా మామగారికి మొదట ఉండినది రైఫిలు కాదు. పన్నెండు బోరు జంట గొట్టముల తుపాకి. బోరు లెక్క వినుటకు వింతగా నుండును. ఒక పౌను సీసమును పండ్రెండు సమభాగములు చేసి గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా పట్టునో అది పన్నెండు బోరు. అనగా సంఖ్య పెరిగిన కొలది గొట్టము సన్నమగును. నాలుగు బోరు తుపాకి యేనుగులకు, ఇరువది బోరు పిట్టలకు. సమాసములలో పూర్వపద ప్రాధాన్యము ఉత్తరపద ప్రాధాన్యము అని మనము తికమకపడునట్లు, తుపాకుల వర్తకమున ఈ లెక్క క్రొత్తవారిని తికమక పెట్టును.

ఆయన దానిని తీసికొని మార్గశిర పుష్యమాసములలో కొల్లేటికి పరజల వేటకు పోయెడివారు. అప్పటి కొల్లేరు వేఱు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన నీరు ఉప్పుటేరు వెంట సముద్రమునకు పోవుచు, నడుమ కనుచూపు మేర కిక్కసగడ్డియు తామర తూండ్లును నిండియుండెడివి. తాటిదోనె లోపల చతికిలబడి, దోనె ముక్కు ఎటున్నదో అటే కాల్చవలెను. ప్రక్కకు తిరిగి కాల్చినచో దోనె బోర్లపడును. మా మామగారు ఒకమాఱు బోర్లపడిరి. తుపాకిని ముందు ఒడ్డునకు చేర్చి తరువాత తాము చేరితిమని ఆయన చెప్పుకొనెడివారు. ఆయన చెప్పుకొను కథలలో ఇట్టి సవరణ లుండునని నాకు అప్పుడు తెలియదు.

ఇప్పుడు కొల్లేటిలో తుపాకి మ్రోగరాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్సారు ఒప్పందపు జాబితాలోని కెక్కినది. 2006లో చేపల చెఱువుల గట్లను పెద్దయెత్తున త్రవ్వివేసిరి. ఆటపాక వద్ద గూడబాతులు మంచెలవంటి కట్టడములపై గూండ్లు కట్టుకొనుచున్నవి. మొన్న మనుమరాలిని తీసికొనిపోయి చూపితిని. "ఇంత పెద్ద నోరేమిటి తాతయ్యా!" అని అది అడిగినది. పండితుల నోటికంటె చిన్నదే అమ్మా యని చెప్పితిని.

దోనె సంగతి యెత్తితిని గనుక దాని ననుసరించియే అసలు విషయమునకు వచ్చెదను. దోనె యేల బోర్లపడినది? గుండు ముందునకు పోవునపుడు తుపాకి వెనుకకు తన్నును గనుక. ముందునకు పోవు గుండునకును మందుపొగకును ఎంత ఊపు కలదో, వెనుకకు వచ్చు తుపాకికిని అంతియే ఊపు. ఇది న్యూటను మహాశయుడు చెప్పిన సూత్రము. మా పాఠశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయుడు దీనిని నాకు నల్లబల్లపై లెక్కగట్టి చూపినాడు. ఊపు మాఱనపుడు తుపాకి బరువు తగ్గినకొలది అది వెనుకకు వచ్చు వేగము పెరుగును. తన్నులోని శక్తి యో, బరువునకు విలోమముగా పెరుగును. ముప్పది-సున్న-ఆఱు అను ప్రసిద్ధమైన అమెరికా తూటా నెత్తుకొనుడు. అది 1906వ సంవత్సరపుది గనుక ఆ పేరు. దాని గుండు పదునొకండున్నర గ్రాములకు కొంచెము మించి తూగును. సెకనునకు సుమారు 820 మీటర్లు పోవును. ఎనిమిది పౌనుల తుపాకితో, అనగా మూడు కిలోల ఆఱువందల గ్రాముల దానితో, దానిని కాల్చినచో తుపాకి మీ భుజముమీదికి సెకనునకు సుమారు నాలుగు మీటర్ల వేగమున వచ్చును. ఆ తుపాకినే ఆఱు పౌనులకు దింపినచో అయిదు మీటర్లకు మించును. బరువు నాల్గవ వంతు తగ్గినది. తన్ను శక్తి మూడవ వంతు పెరిగినది. ఇందు ఎవరి చాకచక్యమును చెల్లదు. గణితము దొరకును బంటునకును ఒక్కటే.

మా మామగారికి ఈ గణితము తెలియదు. 1963 ప్రాంతమున ఆయన ఒక విశ్రాంత సైనికాధికారి యొద్ద ముప్పది-సున్న-ఆఱు రైఫిలు నొకదానిని కొనిరి. గొట్టము లోపల మెలికలుగా గాళ్ళుండి గుండును బొంగరమువలె త్రిప్పి పంపునది రైఫిలు. అందుచే దూరము పోయినను గుండు త్రోవ తప్పదు. బుట్టాయగూడెమునకు పైనున్న ఏజెన్సీ కొండలలో అడవిపందుల వేటకు దానిని తీసికొని పోవలెనని ఆయన కోరిక. కాని తాడేపల్లిగూడెము సమభూమి. అక్కడ ఎత్తైనది రైలు వంతెన యొక్కటియే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములకై వేసిన బాటమీద నడచి కాళ్ళు పెంచుకొన్నవారికి కొండయెక్కుట కష్టము. మొదటియేడు పోయి వచ్చి, తుపాకి బరువే తమ ఆయాసమునకు కారణమని నిశ్చయించిరి. పనివాని చేత గొట్టమును కుఱుచ చేయించిరి. మడమ కఱ్ఱను లోపల తొలిపించి, వెలుపల చెక్కించిరి. మడమకున్న రబ్బరు మెత్తను సైతము బరువని తీసివేయించిరి. తూకము వేయించగా ఆఱు పౌనులకు దిగినది. ఊరిలోనివారు వచ్చి ఒక చేత నెత్తి చూచి మెచ్చుకొనిరి. తుపాకిని ఎత్తి చూచి మెచ్చుకొనుట పెండ్లిచూపులలో జడ చూచి మెచ్చుకొనుట వంటిది.

ఇక మా యింటి కథ. నేను 1984లో అల్లుడనై పోయినపుడు నాకు చెప్పిన మొదటి కథ యిదియే. సావడి గోడమీద నొక ఎలుగుబంటి చర్మము వ్రేలాడుచుండెను. మామగారు ఆ తేలిక రైఫిలుతో 1964లో దానిని కొట్టిరనియు, అది తమ వెంట వచ్చిన కోయ బంటుమీద పడగా, చలింపక రెండవ గుండు వేసి వాని ప్రాణము కాపాడిరనియు ఆ కథ. అటుపిమ్మట ఎలుగును కొట్టిన చేతితో పందిని కొట్టుట నామర్దా యని వేట మానివేసిరట. పిల్లలందఱకు ఈ కథ కంఠస్థము. మాంటానాలోని మా పిల్లవాడు ఇది వినియే పెరిగినాడు. చర్మమును తరువాత చెదలు తినివేసినవి. ఎలుగుబంటి ముఖ్యాహారము చెదలు. దానికి పై దవుడ నడిమి పండ్లు రెండు లేకుండుట కూడ ఆ సందునుండి చెదలను పీల్చుకొనుటకే. అట్టి జంతువు చర్మమును చెదలే తినుట నాకప్పుడు వినోదముగా తోచినది.

1991లో నాకు ఏజెన్సీలోని గిరిజనాశ్రమ పాఠశాలకు బదిలీ యయ్యెను. ఆ సంవత్సరము ఇప్పపూల కాలమున, ఆఱవ తరగతి బాలుని చూచుటకు వాని తాత వచ్చినాడు. ఆయనకు ఎడమ కన్ను లేదు. ఎడమ చెక్కిలి కణతనుండి దవుడవఱకు మడతపడిన తోలు. ఎలుగుబంటి కొట్టినవారిని ఒకమాఱు చూచినవారు మఱల గుర్తింపగలరు. అది మొగమునే కోరును. ఏ ఊరు పంతులుగారూ అని అడిగెను. తాడేపల్లిగూడెము అల్లుడనని చెప్పితిని. ఎవరి యల్లుడని అడిగెను. చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, చుట్ట వెలిగించుకొని, "దొర బాగున్నారా?" అనెను.

పిమ్మట ఆయన చెప్పిన వృత్తాంతము నాలుగైదు మాఱులలో, నాలుగైదు ఆదివారములలో చెప్పినది. నేనిచట కలిపి చెప్పుచున్నాను.

వారు వేకువకు ముందే బయలుదేరిరి. దొర, ఈయన, ఈయన తమ్ముడు. వెదురు పొదలలో ఇంకను వెలుగు సరిగా లేదు. ఒక పుట్టవద్ద నల్లని ఆకారము వంగియున్నది. అది పంది కాదని ఈయనకు శబ్దము చేతనే తెలిసినది. ఎలుగు పుట్టలో మూతి పెట్టి చెదలను పీల్చునపుడు బుస్సు బుస్సుమని కొలిమితిత్తివలె దూరమునకు వినబడును. "వద్దు దొరా" అని చేయి పట్టుకొనబోవునంతలో తుపాకి మ్రోగినది. ఇచట నాకు దశరథుడు స్ఫురింపక మానునా! ఆయన చెవినే నమ్మి కాల్చెను. ఈయన చెవిని నమ్మక కాల్చెను. గుండు తొడను చీల్చుకొని పోయినది. ఎలుగు వెనుకకు తిరిగి మీదికి వచ్చినది. దొర రెండవ గుండు వేసెను. అది ఆకాశమునకు పోయినది.

ఏల పోయినది? "దొర కళ్ళు మూసుకున్నాడు పంతులుగారూ" అని ఆయన చెప్పెను. "ముందేడు మూసుకోలేదు. ఆ తుపాకి చెక్కించాక మూసుకోవడం మొదలెట్టాడు. అది అలా తన్నేది. భుజమంతా నల్లగా కమిలిపోయేది. అందుకని ఊళ్ళో కాల్చడం మానేశాడు. ఆ ఏడంతా కలిపి మూడో నాలుగో కాల్చుంటాడు."

నేను అప్పుడొక మాట అడిగితిని. కొండయెక్కుటకు తుపాకి బరువు తగ్గుట మేలే గదా యంటిని. ఆయన నవ్వెను. సగము మొగముతో నవ్వెను.

"కొండ మీదికి ఆ తుపాకి మోసింది నేను. బరువు తగ్గింది నాకు, తన్ను పెరిగింది దొరకు."

రెండవ గుండు పోయిన పిమ్మట దొర తుపాకిని విడిచి వాగు వైపు పరుగెత్తెను. ఎలుగు ఎదురుగా నిలిచినవాని మీద పడినది. ఈయన చేత గొడ్డలి యున్నది. తమ్ముడు అంబులు వేసెను. ఎంతసేపో తెలియదు. అది విడిచిపోయినది. మధ్యాహ్నమునకు తమ్ముడే నెత్తుటి జాడ పట్టిపోయి లోయలో చచ్చిపడియున్న దానిని చూచెను. ప్రక్కలో రెండు అంబులున్నవి. ఈయనను మంచముమీద జంగారెడ్డిగూడెమునకు మోసికొనివచ్చి, అచటినుండి ఏలూరు చేర్చిరి. రెండు మాసములు ఆసుపత్రిలో నుండెను. ఆ రెండు మాసములును దొర వారమునకు రెండుమాఱులు వచ్చి మంచము ప్రక్కను కూర్చుండెడివారట. ఏమియు మాటలాడెడివారు కారట. చర్మమును అడిగి పుచ్చుకొనలేదు. తమ్ముడే యెండబెట్టి తెచ్చి యిచ్చెనట. కథ మాత్రము ఎవరు మొదలు పెట్టిరో ఆ వృద్ధునకు తెలియదు. నాకును తెలియదు. చర్మము గోడమీదికి ఎక్కిన పిదప కథ దానంతట అదియే ఎక్కియుండును.

"ఆయన మంచోడు. భయపడ్డాడు, అంతే. నేనూ భయపడ్డాను. నాకు దారి లేదు, ఆయనకు ఉంది" అని ఆ వృద్ధుడనెను.

నేను ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పితిని. ఆమె ఆశ్చర్యపడలేదు. చిన్నతనమున నాయన రాత్రులు లేచి పెరటిలో తిరుగుచుండుట తనకు జ్ఞాపకమున్నదని చెప్పెను. మఱియు ప్రతి సంక్రాంతికి రెండు బస్తాల ధాన్యము జంగారెడ్డిగూడెము బస్సుమీద పోయెడిదట. ఎవరికి అని అడుగరాదు. ఇంటి జమాఖర్చులో దానికి "కొండ" అని పద్దు. నాకు ఆ పద్దు తరువాత కంటబడినది. మా మామగారితో నేనీ ప్రసంగ మెన్నడును చేయలేదు. ఆయన 1997లో కాలధర్మము నొందిరి. వేట మానివేసిరనుట మాత్రము నిజమే. తుపాకి కొన్నాళ్ళు ఎన్నిక వచ్చినప్పుడెల్ల పోలీసుఠాణాలో జమ అగుచు, తిరిగి వచ్చుచు, కడకు వారసులు లైసెన్సు వద్దనగా ప్రభుత్వమునకే చేరినది.

ఇన్నేండ్లు ఊరకుంటిని. అల్లుడు పుట్టింటివారి పరువు తీసెనన్న మాట నాకేల? కాని ఇప్పుడు పిల్లవాడు ఆ కథను నమ్మి తుపాకి కొనబోవుచున్నాడు. అందు ఆఱు పౌనుల మాట యొక్కటియే నిజము. ఊరకుండుట తగునా? మా బావమఱదిని అడిగితిని. ఆయన చాలసేపు ఆలోచించి, "వాడికి రాయండి బావగారూ; దాచి ఏం చేస్తాం" అనెను. ఈ ప్రసంగమునకును ఆయన అనుమతి యున్నది.

వ్రాసితిని. కథ మొత్తము వ్రాసి, పిమ్మట నాకు తోచిన సలహాయు వ్రాసితిని. అది కొందఱికి పనికిరావచ్చును గనుక ఇచట చెప్పెదను. మన దేశమున ఎలుగుబంటి మీద తుపాకి యెత్తుట చట్టవిరుద్ధము. 1972 చట్టములో అది మొదటి షెడ్యూలు జంతువు. పాపికొండలు 1978లో అభయారణ్యమును 2008లో జాతీయోద్యానమును అయినవి. కనుక ఈ సలహా సముద్రమునకు ఆవలివారికే.

తేలిక తుపాకి చెడ్డదని నేననను. కొండలలో తిరిగిన పెద్దలు తేలికదానినే కోరిరి. జిం కార్బెటు దొరకు 1907లో చంపావతమున నరభక్షకియగు ఆడుపులిని చంపినందులకు హ్యూవెట్ దొర బహూకరించిన రిగ్బీ రైఫిలు తేలికయే. కుమాయూను కొండలలో ఆయన దానిని చిరకాలము మోసెను. కాని దాని తూటా ఏడు మిల్లీమీటర్ల మౌజరు తూటా. మితమైన తన్ను గలది. తేలిక తుపాకికి తేలిక తూటా. ఇది రహస్యము. మా మామగారు తుపాకిని చిక్కజేసిరి గాని తూటాను చిక్కజేయలేదు. చిక్కిన ఎద్దునకు నిండుబండి కట్టుట వంటిది. ఆఫ్రికాలో బెల్లు అనువాడు ఆ మౌజరు తూటాతోనే యేనుగులను పడవేసెను. ఏనుగు తలలో మెదడెక్కడ నున్నదో చక్కగా నేర్చుకొన్న పిమ్మట. పెద్ద తూటా చేతకాని గుఱిని క్షమింపదు.

కనుక, నాయనా, దూరదర్శినియు పట్టెడయు తూటాలును కలిపి మూడు కిలోల మున్నూఱు గ్రాములకు తక్కువ కానీయకుము అని వ్రాసితిని. ఇది శాస్త్రము కాదు, నా అభిప్రాయము. నేటి దినములలో కార్బను నారతోను టైటానియముతోను తుపాకిని రెండున్నర కిలోలకు దింపుచున్నారట. దానిని అంగడిలో ఎత్తి చూడవలదు. కొండయెక్కి రొప్పుచున్నపుడు ఎత్తి చూడుము. రొప్పువాని చేత తేలిక గొట్టము గాలిపటము తోకవలె ఆడును. బరువు గొట్టము నిలుకడగా నుండును. గొట్టము చివర మందుపొగను ప్రక్కలకు మళ్ళించు సాధనము తగిలించిన తన్ను తగ్గును, నిజమే. కాని ప్రక్కనున్నవాని చెవులు పగులును. నీ తన్ను తప్పించుకొని ప్రక్కవానికి పంపుట మన యింట నొకమాఱు జరిగినది, చాలును. అవసరమైన తన్ను మడమ పొడవు సరిచూచుకొని, మెత్త వేసికొని, నీ భుజముతోనే భరింపుము. ఏ తుపాకిని నీవు వారమునకు ఇరువది తూటాలు కన్ను మూయక కాల్చగలవో అది నీ తుపాకి. కాల్చలేనిది ఎంత అందమైనను పరాయిది.

ఎలుగును గూర్చి వ్రాయుటకు నాకు జంకు కలిగినది. మన ఎలుగు నూఱు కిలోల ప్రాంతము తూగునది. వారి గోధుమ ఎలుగు దానికి రెండు మూడింతలుండును. 1975 నుండి అలాస్కాకు దిగువనున్న రాష్ట్రములలో అది సంరక్షింపబడుచున్న జంతువు. పిల్లవాడు కోరునది దుప్పిని; దుప్పి నెత్తురు వాసనకు వచ్చునది ఎలుగు. దుప్పిని కోయుచు నేల చూచువాని వెనుకకు వచ్చును. అప్పుడు తుపాకి చెట్టునకు ఆనించి యుండును. మూడు కిలోలదైనను అయిదు కిలోలదైనను చెట్టునకు ఆనించిన తుపాకి బరువొక్కటే. కనుక ఒకడు కోయునపుడు ఒకడు కావలి యుండవలెను. ఆ కావలివానిని విడిచి పరుగెత్తరాదని నేను వేఱుగా వ్రాయనవసరము లేకపోయినది.

ఇంకొకటి. ఆ దేశమున రొమ్మునకు కట్టుకొను డబ్బాలో మిరప ఘాటును నింపి, ఎలుగు మీదికి వచ్చినపుడు మొగముపై మబ్బువలె చిమ్ముచున్నారు. అలాస్కాలో జరిగిన సంఘటనలను పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్కలో గోధుమ ఎలుగుల విషయమున నూటికి 92 మాఱులు అది పనిచేసినది. ఆ పండితులే 2012లో ప్రకటించిన తుపాకుల లెక్కలో పొడవు తుపాకులు పనిచేసినవి నూటికి 76 మాఱులు. రెండు లెక్కలలోని సందర్భము లొకటి కావు గనుక తూనికలో పెట్టి పోల్చరాదు. అయినను, మిరపకాయను నమ్ముటకు తెలుగువానికి ఇంతకంటె సాక్ష్యము కావలెనా?

పండితుడను గనుక ఒక మాట చేర్చకుండ నుండలేకపోతిని. సప్తర్షి మండలమును పూర్వము ఋక్షములనెడివారని శతపథబ్రాహ్మణమున కలదు. ఋక్షమనగా ఎలుగు. పాశ్చాత్యులును ఆ చుక్కలను పెద్ద ఎలుగనియే పిలుతురు. నీవు రాత్రి గుడారము వెలుపలికి వచ్చినచో ఉత్తరమున అది కనబడును. దానిని చూచి సంతసింపుము, దానికి తుపాకి యక్కఱలేదని వ్రాసితిని.

ఇరువది దినములకు బదులు వచ్చినది. తుపాకి మాట రెండు పంక్తులు మాత్రమే. మూడున్నర కిలోలది, చిన్న తూటాది, కొన్నాడట. అంగడివాడు ఇంకను తేలికది చూపినను వలదన్నాడట. మిరప డబ్బాలు రెండు కొన్నాడు. ఒకటి తనకు, ఒకటి వెంట వచ్చువానికి. తాతగారిని గూర్చి ఏమియు వ్రాయలేదు. జాబు చివర మాత్రము మూడు ప్రశ్నలు వేసినాడు. ఆ కోయ తాతగారి మనుమడు నా శిష్యుడు గదా, ఇప్పుడెక్కడ నున్నాడు? ఆ రెండు బస్తాలు పంపుట ఎప్పుడు నిలిచిపోయినది? ఎందుకు నిలిచిపోయినది?

మనుమడు జంగారెడ్డిగూడెమున ఉపాధ్యాయుడుగా నున్నాడని వ్రాసితిని. మామగారు పోయిన మఱుసటి సంక్రాంతికి, అనగా 1998లో, అన్నదమ్ములు భూమి పంచుకొన్నపుడు "కొండ" అను పద్దు ఎవరి వంతునకును రాలేదని వ్రాసితిని. ఆ పంపకపు కాగితములను చదివి వినిపించినది నేనే యని కూడ వ్రాసితిని. అప్పటికి ఆ పద్దు అర్థము నాకు తెలిసి ఏడేండ్లయినది.

అతడు నాటినుండి నేటివఱకు ఏటేట ధాన్యము ధర యెంతయో కనుగొని లెక్క పంపుమని కోరినాడు. తాడేపల్లిగూడెమున బియ్యపు మిల్లువారి పాత పుస్తకములు తెప్పించుకొని ఆ లెక్క వేయుచున్నాను. 2004 వఱకు వచ్చినది.

సెలవు.